రెండు ఎపిసోడ్లు, ముప్ఫై డాలర్లు

ముందు ఒక చిన్న లెక్క. "నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్" అనే జపాన్ కార్టూన్ సీరియల్ (కార్టూన్ అంటే అభిమానులు కొట్టడానికొస్తారు, అనిమే అనాలి) 1995 అక్టోబరు నుంచి 1996 మార్చి దాకా టీవీ టోక్యోలో వచ్చింది. మొత్తం 26 ఎపిసోడ్లు. అమెరికాలో హ్యూస్టన్‌కి చెందిన ఏ.డి. విజన్ కంపెనీ దాన్ని వీడియో క్యాసెట్ల మీద విడుదల చేసింది. క్యాసెట్టుకి రెండేసి ఎపిసోడ్లు, అంటే 13 క్యాసెట్లు. ఒక్కోటి ముప్ఫై డాలర్లకి అటూ ఇటూ. మొత్తం దాదాపు నాలుగొందల డాలర్లు! అదే రోజుల్లో మనవాళ్ళు పప్పులూ పచ్చళ్ళూ కొనడానికి వెళ్ళినప్పుడు అదే షాపులో తెలుగు సినిమా క్యాసెట్టు ఒకటి రెండు డాలర్లకి అద్దెకి తెచ్చుకుని, తెర మీద గీతల్ని కూడా భక్తిగా చూసి, సోమవారం తిరిగిచ్చేసేవాళ్ళు.

మరి ఈ క్యాసెట్లకి అంత ధర ఎందుకు పెట్టారు? ఎవరు కొన్నారు? నేనూ ఆ కొన్నవాళ్ళలో ఒకణ్ణి కాబట్టి కాస్త తవ్వి చూశాను.

కథ జపాన్ టీవీలో మొదలవుతుంది. 1963లో ఒసాము తెజుకా "ఆస్ట్రో బాయ్" తీసినప్పుడు ఎపిసోడ్లని తన ఖర్చు కన్నా తక్కువకే టీవీ వాళ్ళకి అమ్మాడు. లోటుని బొమ్మలూ చాక్లెట్ల లైసెన్సుల మీద పూడ్చుకున్నాడు. ఆ అలవాటు పరిశ్రమకి అలాగే ఉండిపోయింది: టీవీ డబ్బుతో సీరియల్ గిట్టదు, ఇంకెక్కడో రాబట్టుకోవాలి. 1983 డిసెంబరులో మామోరు ఒషీ దర్శకుడిగా "డాలోస్" వచ్చింది. టీవీలో కాదు, సినిమా హాల్లో కాదు, సరాసరి క్యాసెట్టు మీదే. ఆ రకం వాటికి ఓవీఏ అని పేరు పడింది. అయితే అప్పట్లో క్యాసెట్లు కొనేది ఎక్కువగా అద్దె షాపులవాళ్ళు. ఒక్క క్యాసెట్టుని వందసార్లు అద్దెకిస్తారు కదా అని ధర దానికి తగ్గట్టే పెట్టారు. అరగంట బొమ్మకి పదివేల యెన్లు అంటే ఎవరూ నోరు వెళ్ళబెట్టేవారు కాదు. 1988లో "పాట్లేబర్" క్యాసెట్టుని 4,800 యెన్లకి అమ్మితే అది చవక అనిపించుకుంది!

అద్దె షాపు ధర అభిమానికి ఎందుకు మిగిలిపోయిందంటే, అభిమాని కొన్నాడు గనక. అంతే. అర్ధరాత్రి పూట ప్రసారమయ్యే సీరియళ్ళు పెరిగాక ఇది ఇంకా ముదిరింది. నాలుగైదు కంపెనీలు కలిసి ఒక కమిటీగా డబ్బు పెడతాయి, టీవీ సమయాన్ని కూడా తామే కొనుక్కుంటాయి. అంటే టీవీలో వచ్చేది ఒక రకంగా డిస్కుకి ప్రకటన. రెండు ఎపిసోడ్ల డిస్కు ఆరేడు వేల యెన్లు. కొన్ని వేలమంది కొంటే చాలు, సీరియల్ ఒడ్డెక్కుతుంది. ఊరంతా తినే భోజనానికి నాలుగిళ్ళ వాళ్ళు బిల్లు కట్టినట్టు.

ఇహ అమెరికా సంగతి. స్ట్రీమ్‌లైన్ పిక్చర్స్, యానిమైగో, సెంట్రల్ పార్క్ మీడియా ఇవన్నీ 1980ల చివర, 1990ల మొదట్లో పుట్టిన చిన్న కంపెనీలు. లైసెన్సు, అనువాదం, డబ్బింగు, అచ్చు అన్నీ కలిపి కొద్దివేల క్యాసెట్ల మీద వసూలు కావాలి. ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఇంగ్లీషు డబ్బింగు క్యాసెట్టు కన్నా సబ్‌టైటిళ్ళ క్యాసెట్టు ఐదో పదో డాలర్లు ఎక్కువ. డబ్బింగుకి నటులు, స్టూడియో, బోలెడు ఖర్చు. సబ్‌టైటిల్‌కి ఒక అనువాదకుడు. అయినా ఇదే ఖరీదు! ఎందుకంటే డబ్బింగుది మామూలు షాపుల్లో పోతుంది. సబ్‌టైటిళ్ళవాడు తక్కువమంది, పట్టుదల మనిషి, ఎంతైనా ఇస్తాడు.

అన్నట్టు, మనం ఇండియా నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన పెళ్ళి క్యాసెట్టు ఇక్కడి వీసీఆర్‌లో ఆడేది కాదు, గుర్తుందా? మనది పాల్, ఇక్కడిది ఎన్.టి.ఎస్.సి. జపాన్‌ది కూడా ఎన్.టి.ఎస్.సి.యే. అందుకని టోక్యోలో రికార్డు చేసిన క్యాసెట్టు కాలిఫోర్నియాలో హాయిగా ఆడింది. అమెరికన్ అభిమానులు ఆ క్యాసెట్లు తెప్పించుకుని, అమిగా కంప్యూటరుకి జెన్‌లాక్ అనే పెట్టె తగిలించి సొంతంగా సబ్‌టైటిళ్ళు వేసి, ఖాళీ క్యాసెట్టు ఖర్చూ పోస్టేజీ తీసుకుని ఒకరికొకరు పంపుకున్నారు. కంపెనీలు నిలబడ్డది ఆ నేల మీదే.

డీవీడీ వచ్చాక (జపాన్‌లో 1996, అమెరికాలో 1997) రెండు భాషలూ ఒకే డిస్కు మీదకెక్కి సబ్‌టైటిళ్ళవాడి జరిమానా పోయింది. కానీ ప్రాంతాల కోడ్లతో మధ్యలో గోడ లేచింది: అమెరికా 1, జపాన్ 2, మనం 5. ముప్ఫై డాలర్లకి మూడు నాలుగు ఎపిసోడ్లు వచ్చాయి, బాగానే ఉంది. "ఉరుసేయ్ యాత్సురా" టీవీ సీరియల్ 195 ఎపిసోడ్లని యానిమైగో 50 డిస్కులుగా వేసి 2006లో పూర్తి చేసింది. డిస్కు పాతిక డాలర్లనుకున్నా పన్నెండొందల యాభై. పాత కారు కొనుక్కోవచ్చు.

తర్వాత బ్లూ-రే వచ్చింది, గోడ పడిపోయింది: అమెరికా, జపాన్ రెండూ 'ఏ' ప్రాంతమే. అక్కడివాడు ఇక్కడి చవక డిస్కు తెప్పించుకుంటాడేమోనని జపాన్ కంపెనీలకి దిగులు పట్టుకుంది. బందాయ్ విజువల్ 2005లో ఇక్కడ శాఖ తెరిచి, జపాన్ తరహా ధరలు ఇక్కడా పెట్టి చూసింది. అమెరికన్లు కొనలేదు. 2008లో మూసేశారు. అప్పటికే బజారు కుంగిపోయింది. సన్‌కోస్ట్ షాపుల మాతృసంస్థ మ్యూజిక్‌ల్యాండ్ 2006లో దివాలా, జెనియాన్ అమెరికా శాఖ 2007లో చేతులెత్తేసింది, సెంట్రల్ పార్క్ మీడియా, ఏ.డి. విజన్ రెండూ 2009లో పోయాయి. నవార్ కంపెనీ ఫ్యునిమేషన్‌ని 2005లో సుమారు పది కోట్ల డాలర్లకి కొని, 2011లో రెండు కోట్ల నలభై లక్షలకి అమ్ముకుంది. బిట్‌టొరెంట్ వల్లే అంటారు. కొంత నిజమే. రెండు ఎపిసోడ్లకి ముప్ఫై డాలర్లు అడిగిన అలవాటు కూడా దానికి చెయ్యి అందించిందని నా అభిప్రాయం. పోటీపడి హక్కుల ధరలు పెంచుకున్నదీ వీళ్ళే.

ఇప్పుడు నెలకి ఒక భోజనం ఖరీదుతో వేల ఎపిసోడ్లు చూడొచ్చు. మా ఆవిడ అల్మరాలో డిస్కుల వంక చూసి "ఇంకా ఇవెందుకండీ?" అంటుంది. దానికి నా దగ్గర రెండు జవాబులున్నాయి. 2024 ఏప్రిల్ 2న ఫ్యునిమేషన్ స్ట్రీమింగ్ మూతపడినప్పుడు, డిస్కు పెట్టెలోని కోడ్ కొట్టి డిజిటల్ కాపీలు పోగేసుకున్నవాళ్ళకి ఆ కాపీలు పోయాయి. పెట్టెలోని డిస్కులు మాత్రం ఉన్నాయి. రెండోది, ఇవాంజెలియన్ 2019లో నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చినప్పుడు అమెరికాలో ప్రతి ఎపిసోడ్ చివరా వచ్చే "ఫ్లై మీ టు ద మూన్" పాట లేదు. డబ్బింగు గొంతులు కూడా కొత్తవి.

ఆ పాత గొంతులూ, ఆ పాటా నా పాత డిస్కుల్లో అలాగే ఉన్నాయి. ప్లేయరు ట్రే మాత్రం వారం రోజులుగా బయటికి రావట్లేదు. ఈ శనివారం స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోవాలి.