‘జ్ఞా’ చేసిన నేరమేమిటి?

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతా పేపర్లకెక్కింది. అది ‘జ్ఞా’. ఆ అక్షరమున్న మెసేజీ ఒకటి వస్తే ఐఫోన్లలో మెసేజీల యాప్, వాట్సాప్ ఉన్నపళంగా మూతపడిపోయేవి. మాక్ కంప్యూటర్లలో సఫారీ బ్రౌజరుదీ అదే గతి. తెలుగు అక్షరం ఫోన్లని పడగొట్టేస్తోందని రాసేశారు. మనవాళ్ళూ “చూశారా మన తెలుగు దెబ్బ!” అని నవ్వుకున్నారు. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, నాకు మాత్రం మన ఇళ్ళల్లో జరిగేదే గుర్తొచ్చింది. కంప్యూటర్లో బ్రౌజరు దానంతటది మూసుకుపోయిందని చెప్పగానే ఆడవాళ్ళకి వినపడే మొదటి మాట ఏమిటండీ? “ఏం నొక్కావ్?”

ముందు ఆ అక్షరం సంగతి చూద్దాం. మనం జ్ఞానం అని టైపు చేస్తే కంప్యూటర్ లోపల జ, పొల్లు, ఞ, దీర్ఘం అన్నీ విడివిడిగానే ఉంటాయి. ఒత్తుని కిందకి, దీర్ఘాన్ని పైకి చేర్చి తెర మీద ఒక్క అక్షరంగా పేర్చడం సాఫ్ట్‌వేర్ పని. పూర్వం అచ్చుకూటంలో కంపోజిటర్ చేసిన పనే ఇది. మన రాజమండ్రి కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని, 1883లో ఆడవాళ్ళ కోసమే సతీహితబోధిని పెట్టిన రోజుల్లో ఈ పేర్పంతా సీసపు అచ్చులతో, చేత్తోనే జరిగేది. ఒత్తు తారుమారైతే దాన్ని అచ్చుతప్పు అనేవారు. పత్రిక చదువుకుంటున్న ఇల్లాలిని పట్టుకుని “నువ్వేం చేశావ్?” అని అడిగేవారు కాదు.

ఆపిల్ వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో లోపం సరిగ్గా ఈ పేర్చే దగ్గరే ఉంది. అదీ మనం మామూలుగా రాసుకునే జ్ఞాతో కాదు. ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య ‘కలపొద్దు’ అని చెప్పే కనిపించని గుర్తు ఒకటి చేరితేనే వచ్చింది చిక్కు. ఆ గుర్తేమీ వింతది కాదు. ‘ఫేస్‌బుక్’ అని రాసేటప్పుడు స కింద బ ఒత్తు పడకుండా మనం వాడేది అదే. అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరెగావ్‌కర్ ఆ నెలలోనే కూర్చుని పరీక్షించి చూశారు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇలాంటి కూర్పులు కొన్ని అదే పని చేస్తున్నాయని తేలింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు. జ్ఞా అలాగే ఉంది, మారింది ప్రోగ్రామే.

తెలుగుకి ఇలాంటి నింద మోయడం కొత్త కూడా కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటు ఉండేది. మన గోదారి పాయ పేరే. కానీ కంట్రోల్ ప్యానెల్‌లో భాషల విభాగానికి వెళ్ళి, ఒక టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేస్తే గానీ గుణింతాలూ ఒత్తులూ సరిగ్గా కూర్చునేవి కావు. ఆ సంగతి చెప్పేవాళ్ళు లేక, తెర నిండా డబ్బాలు కనపడితే “తెలుగు కంప్యూటర్లో రాదు” అని తేల్చేసేవారు చాలామంది.

ఇక బ్రౌజర్లు పడిపోయే అసలు కథకి వద్దాం. మొదట్లో మనం పది పేజీలు తెరిచినా లోపల అవన్నీ కలిసి ఒకే ప్రోగ్రాముగా నడిచేవి. ఒక పేజీ చెడితే అన్నీ పోయేవి. గట్లు లేని చేలో ఒకచోట గండి పడితే మొత్తం నీరు పోయినట్టన్నమాట. 2008 సెప్టెంబరులో గూగుల్ క్రోమ్ వచ్చినప్పుడు ఒక్కో ట్యాబుకీ విడిగా గట్టు కట్టింది. 2009లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 కూడా ఆ దారే పట్టింది. ఫైర్‌ఫాక్స్ 2016లో మొదలుపెట్టింది. అప్పటినుంచి చెడిన పేజీలో విచారపు మొహం బొమ్మ కనిపించేది, మిగతావి నడిచేవి. అయితే ఇన్ని గట్లకి మెమరీ ఎక్కువ కావాలి. పాత కంప్యూటర్లు అక్కడ చతికిలబడ్డాయి.

వీడియోలకీ ఆటలకీ వాడిన ఫ్లాష్ ఇంకో తలనొప్పి. మాక్‌లు క్రాష్ అవడానికి మొదటి కారణం ఫ్లాషేనని 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖే రాశారు. 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి మంగళం పాడేసింది.

ఇన్నేళ్ళ ఈ చరిత్రలో కారణాలు చూడండి: పేర్చే ప్రోగ్రాము, గట్లు లేకపోవడం, మెమరీ చాలకపోవడం, ఫ్లాష్. వీటిలో ఇంట్లో ఆడవాళ్ళు తప్పు బటన్ నొక్కడం అనేది ఎక్కడైనా ఉందా?

మా అత్తయ్యగారు ఒకప్పుడు రోజూ కంప్యూటర్లో తెలుగు పేపరు చదువుకునేవారు. బ్రౌజరు మాటిమాటికీ మూసుకుపోతుంటే మావాడు “మామ్మా, ఏం నొక్కావ్?” అనేవాడు. వాడికి పదేళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర విన్నదే అన్నాడు. నాలుగుసార్లు విన్నాక ఆవిడ ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళడమే మానేశారు. తీరా చూస్తే వేరే సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చి చేరిన టూల్‌బార్ ఒకటి కారణం. అది తీసేస్తే సరిపోయింది. ఆవిడ్ని మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి మాత్రం ఆర్నెల్లు పట్టింది.

అందుకే మన ఇంట్లో బ్రౌజరు పడిపోతే ఒక వరస పెట్టుకుందాం. ఒక్క సైటులోనేనా, అన్నిటిలోనా అన్నది మొదట చూడాలి. ఒక్కదాంట్లోనే అయితే లోపం చాలావరకు ఆ సైటుదే. అన్నిటిలోనూ అయితే ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి. అందులో ఎక్స్‌టెన్షన్లు మామూలుగా పనిచెయ్యవు, కాబట్టి అక్కడ సవ్యంగా నడిస్తే దోషం వాటిలో ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కొక్కటే ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏ ట్యాబు ఎంత మెమరీ మింగుతోందో కనపడుతుంది. కాషే ఖాళీ చేసేటప్పుడు పాస్‌వర్డ్‌ల దగ్గర టిక్కు తీసెయ్యడం మరవకండి. తరవాత అప్‌డేట్ చెయ్యండి. ఇంట్లో ఉన్నది విండోస్ 7 అయితే 2023 నుంచి దానికి కొత్త క్రోమ్ రావడం లేదు, అది మీ చేతిలో లేని సంగతి. వేరే బ్రౌజరు కూడా అలాగే పడిపోతుంటే అప్పుడు ర్యామ్‌నీ కంప్యూటర్‌నీ చూపించాలి.

కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, బ్యాంకు లెక్క అన్నీ ఆ తెర మీదే అయిపోయిన రోజులివి. “ఏం నొక్కావ్?” అన్న మాటకి జడిసి మనం కుర్చీ దిగిపోతే ఆ పనులన్నిటికీ ఇంకొకళ్ళ మీద ఆధారపడాల్సిందే. ఈసారి ఎవరైనా అలా అడిగితే “ఏ పేజీలో పోయిందో చూద్దాం, ఇలా వచ్చి కూర్చో” అనండి.