చక్రమువంటి క్రిమి: పసిబిడ్డల విరేచనములలో ఏటేట మారు తెగలు



చంటిబిడ్డకు వాంతులును నీళ్లవిరేచనములును పట్టుకొన్నచో మన పల్లెలలో పెద్దలు దిష్టి తగిలినదనిరి, పళ్లు వచ్చుచున్నవనిరి. వారిని తప్పుపట్టుటకు నాకు నోరాడదు. ఏలయన 1973 వఱకు గొప్ప వైద్యశాలలలోని డాక్టర్లకు సైతము పెక్కుమంది బిడ్డల విషయమున కారణము తెలియలేదు.

ఆ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమందు, రాయల్ చిల్డ్రన్స్ ఆసుపత్రిలో, రూత్ బిషప్ అను విదుషి తన సహచరులతో గూడి, రోగపీడితులైన బిడ్డల చిన్నప్రేగు పొరనుండి తీసిన తునకలను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరీక్షించెను. కణములలో గుండ్రని రేణువులు కిక్కిరిసి యుండెను. మఱుసటి యేడు ఇంగ్లండులో టామస్ ఫ్లూయెట్ ఈ క్రిమికి రోటావైరసు అను పేరు సూచించెను. లాటిను భాషలో రోటా యనగా చక్రము. నడుమ కుండయు, చుట్టు ఆకులును గల బండిచక్రమువలె అది కనబడును. లేగదూడలకు వచ్చు పారుడులోను ఇట్టి క్రిమియే కనబడుట ఆనాడే గుర్తింపబడినది. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. మరల దీని పని పడును.

ఈ క్రిమి వంశలక్షణములు పదునొకండు తునకలలో ఇమిడి యున్నవి. ఒకే బిడ్డ ప్రేగులో రెండు తెగలు చేరినచో, చాకిరేవున రెండిండ్ల మూటలు ఒక్కచోట విప్పినపుడు బట్టలు తాఱుమాఱగునట్లు, ఈ తునకలు తాఱుమాఱై కొత్త తెగ పుట్టవచ్చును. ఈ తునకలను ఒక బంకపలకపై విద్యుచ్ఛక్తితో నడిపించినచో పదునొకండు చారలుగా నిలుచును. చారల ఎడము తెగ తెగకు వేఱు. పశువుల వాతలు చూచి ఏ యింటివో చెప్పునట్లు, ఆ చారలు చూచి తెగను గుర్తింపవచ్చును. మెల్బోర్నువారు 1973 మొదలు 1979 వఱకు బిడ్డల మలమును భద్రపఱచి ఇట్లు పరీక్షించిరి. ఒక కాలమున ప్రబలిన చారలు కొంతకాలమునకు వెనుకబడి, వాని స్థానమున వేఱు చారలు వచ్చెను. రోగము చూచుటకు ఒక్కటియే. దానిని తెచ్చినవాడు మాత్రము మారుచుండెను.

తరువాతి శాస్త్రజ్ఞులు క్రిమి పైతొడుగును బట్టి జి యనియు పి యనియు రెండక్షరములతో తెగలకు పేళ్లు పెట్టిరి. జి-1 పి-8 అనునది చాలకాలము లోకమున పెద్దన్నగా నుండెను. జి-2, జి-3, జి-4 దాని వెంట నుండెను. అంతవఱకు అరుదుగా కనబడిన జి-9 తెగ 1990 తరువాతి దశాబ్దమున దేశదేశములకు ప్రాకెను. జి-12 కథ మఱియు వింతయైనది. 1987లో ఫిలిప్పీను దీవులలో అది కనబడి, చాలయేండ్లు అణగియుండి, 2000 తరువాత పలు ఖండములలో తలయెత్తెను. 2013 మొదలు గుఱ్ఱములలోని తెగను పోలిన జి-3 ఒకటి జపాను, ఆస్ట్రేలియా మొదలగు చోట్ల బిడ్డలలో బయలుదేఱినది.

అయ్యలారా, తెగల పేళ్లు మనకేల యని మీరడుగవచ్చును. 2013వ సంవత్సరమొక్కటిలోనే లోకమున సుమారు 2,15,000 మంది బిడ్డలు దీనివలన మరణించిరని లెక్క. అందు అయిదవవంతుకు పైగా మన దేశపు బిడ్డలే. ఏ తెగ యైనను చంపునది ఒంటినీరు పోవుటయే గనుక, ఉప్పు పంచదార కలిపిన నీరు అన్నింటికిని పనిచేయును. టీకా మాట వేఱు. ఈ యేటి తెగనుండి చేసిన మందు వచ్చే యేటి తెగను ఆపునా?

దీనికి మన దేశమున దొరకిన జవాబొకటి కలదు. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో మహారాజ్ కిషన్ భాన్ ప్రభృతులు పుట్టిన బిడ్డలను పరిశీలింపగా, కొందఱికి రోటావైరసు సోకియు జబ్బు చేయలేదు. పైగా తరువాత వారికి తీవ్రరోగము తక్కువగా వచ్చినది. ఆ తెగ జి-9 జాతిది. దానిలో ఒక తునక పశువుల క్రిమినుండి వచ్చినది. దానినే సాధుపఱచి హైదరాబాదునందలి భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ అను చుక్కలమందు చేసెను. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది బిడ్డలపై పరీక్షింపగా తీవ్రరోగము సగమునకు మించి తగ్గెను. తెగ ఏదైనను కొంత రక్షణ కలిగెను. 2016లో ఈ చుక్కలు ప్రభుత్వ టీకాలలో మొదట చేర్చబడిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

సగమే గదా యని పెదవి విఱుచువారుందురు. నేనును మొదట విఱిచితిని. కాని వెల్లూరు లెక్క చదివిన పిమ్మట నా యభిప్రాయము మారినది. మెక్సికోలో 200 మంది శిశువులను రెండేండ్లు గమనింపగా, రెండుమాఱులు సోకినవారికి మరల గట్టిజబ్బు రాలేదని 1996లో తేలినది. వెల్లూరు పేదవాడలలో 373 మంది బిడ్డలను మూడేండ్లు గమనించిన వైద్యులు 2011లో చెప్పినది వేఱు. అచ్చట మూడుమాఱులు సోకిన పిదపను రక్షణ నూటికి 79 పాళ్లే. అంతేకాదు, జి-1 పి-8 సోకిన బిడ్డకు ఆ తెగనుండియే ప్రత్యేకరక్షణ కలిగిన జాడ లేదు. ప్రకృతి మూడు దెబ్బలతో ఈయలేని దానిని మందు పూర్తిగా ఈయవలెననుట న్యాయమా?

మన దేశమున 2005 మొదలు పలు ఆసుపత్రులలో తెగల గణన జరిగినది. కొంతకాలము జి-1 పి-8 హెచ్చుగా నుండెను. పదియేండ్లు గడచునప్పటికి పెక్కుచోట్ల జి-3 పి-8 ముందుకు వచ్చెను. టీకా వచ్చినందున పాత తెగ తొలగెనని కొందఱు తలచిరి గాని, టీకా ఇంకను చేరని ప్రాంతములలోను ఆ మార్పు కనబడెను. మెల్బోర్నులో టీకా యను మాటయే లేనినాడు చారలు మారినట్లే ఇదియు మారినది.