చూసేవాళ్ల వాటా

పిల్లల వసంతకాలపు సెలవులు మార్చి చివర్లో మొదలై ఏప్రిల్ మొదటి వారంలోకి వస్తున్నాయి. అందులో రెండు రోజులు నయాగరా చూసొద్దామని న్యూజెర్సీలో ఉంటున్న మా అమ్మాయి అంది. ఏ రెండు రోజులన్న దగ్గర పేచీ వచ్చింది. మార్చిలోనే అయితే హోటళ్లు చవక, జనం పలచన అని మా అల్లుడి లెక్క. ఏప్రిల్ ఒకటి దాటాకే బయల్దేరదామని నా పట్టు.

"ఎప్పుడెళ్లినా చలే కదా మావయ్యగారూ" అన్నాడు.

"చలి సంగతి సరే బాబూ, డిశ్చార్జి సంగతేమిటి?" అన్నాను.

మా అమ్మాయి నవ్వేసింది. "అది జలపాతం నాన్నా. అక్కడ కూడా గేజీ చూస్తావా?"

చూడాల్సిందే. ఉద్యోగమంతా కృష్ణా డెల్టాలో ఇరిగేషన్ ఇంజనీరుగా చేసినవాణ్ణి. ఎన్ని క్యూసెక్కులని అడక్కుండా నీళ్లవైపు చూడ్డం మావాళ్లకు చేతకాదు. నయాగరా విషయంలో ఆ ప్రశ్నకు జవాబు ఒక ఒప్పందంలో ఉంది. 1950 ఫిబ్రవరి 27న అమెరికా, కెనడా దాని మీద సంతకాలు చేశాయి. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు, ఆ తర్వాత అక్టోబరు 31 దాకా ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు జలపాతం మీదికి లక్ష క్యూసెక్కులకు తగ్గకుండా వదలాలి. మిగతా వేళల్లో, అంటే రాత్రిళ్లూ చలికాలమంతా, యాభై వేలు వదిలితే చాలు. ఆపైన ఉన్న నీటిని రెండు దేశాలూ చెరిసగం కరెంటుకు వాడుకోవచ్చు.

ఈరీ సరస్సు నుంచి ఆ నదిలోకి వచ్చేది సగటున రెండు లక్షల క్యూసెక్కులు. మార్చి 31న పట్టపగలు వెళ్లినవాడికి ఒప్పందం హామీ ఇచ్చేది అందులో పావు వంతు. మర్నాడు వెళ్లినవాడికి సగం. మా అల్లుడు అడిగిన తేడా ఇదే.

కృష్ణలో సాగుకు వాటా ఉంది, తాగునీటికి వాటా ఉంది, కరెంటు ఉత్పత్తికి లెక్కలున్నాయి. వాటి కోసం జరిగిన తగాదాలు చూస్తూనే నా జుట్టు నెరిసింది. ఊరికే నిలబడి చూసేవాళ్లకి ఇంత అని వాటా రాసిపెట్టడం మాత్రం ఎక్కడా వినలేదు. నయాగరాలో ఆ వాటా ఎలా పుట్టిందన్నది తేదీలు ఖాయం చేసుకునే ముందు మా ఇంట్లోవాళ్లకు చెప్పాల్సి వచ్చింది.

మొదట నీళ్ల కొరత లేదు, నిలబడే చోటుకే కొరత. 1678లో ఆ జలపాతాన్ని చూసిన లూయీ హెన్నెపిన్ అనే క్రైస్తవ సన్యాసి 1697 నాటి పుస్తకంలో దాని ఎత్తు 600 అడుగులన్నాడు. నిజానికి అక్కడ అన్నిటికంటే పెద్దదైన హార్స్‌షూ జలపాతం ఎత్తు 188 అడుగులు. యూరప్ అంతా ఆ పుస్తకం చదివింది. 1825లో ఈరీ కాలువ, ఆ తర్వాత రైళ్లు వచ్చేసరికి దారి సుళువైంది, జనం ఎగబడ్డారు. ఒడ్డున ఉన్న భూములు ప్రైవేటు ఆస్తి. అమెరికా వైపు పోర్టర్ కుటుంబం 1816లో గోట్ ఐలాండ్‌ను కొనుక్కుంది. దీవిని వాళ్లు చెట్లతో సహా కాపాడారు గానీ, ఒడ్డు పొడవునా మిల్లులు, దుకాణాలు, కంచెలు లేచాయి. 1870లు వచ్చేసరికి అమెరికా ఒడ్డున పైసా చెల్లించకుండా జలపాతం కనపడే చోటంటూ మిగల్లేదు. కంచెకు కన్నాలు పెట్టి, కన్నంలోంచి చూసినందుకు వసూలు చేసినవాళ్లు కూడా ఉన్నారట. కెనడా వైపు బండివాళ్లు, గైడ్లు, మ్యూజియం యజమానులు కుమ్మక్కై వచ్చినవాణ్ణి వచ్చినట్టే దోచేవారు. దర్శనానికి టికెట్టు, ప్రత్యేక దర్శనానికి ఇంకో టికెట్టు, చెప్పులు పెట్టుకోవడానికి మరో టికెట్టు కొన్న మనకు ఆ పరిస్థితి ఊహించుకోవడం కష్టం కాదు.

దీని మీద తిరగబడ్డవాళ్లలో ముఖ్యుడు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపం దిద్దినవాళ్లలో ఒకడు. 1857లో నయాగరాను పెద్ద కాన్వాసు మీద గీసి పేరు తెచ్చుకున్న చిత్రకారుడు ఫ్రెడరిక్ చర్చ్ కూడా ఆయనతో ఉన్నాడు. ఒడ్డును ప్రభుత్వం కొనాలి, మిల్లులు పడగొట్టాలి, ప్రవేశం ఉచితంగా ఉండాలి అన్నది వాళ్ల కోరిక. 1883లో గవర్నరుగా ఉన్న గ్రోవర్ క్లీవ్‌లాండ్ (తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు) చట్టం మీద సంతకం చేశాడు. పరిహారాలకు సుమారు పద్నాలుగు లక్షల డాలర్లు పోశారు. 1885 జూలై 15న న్యూయార్క్ రాష్ట్రం ఆ ఒడ్డును అందరికీ తెరిచింది. 1888లో కెనడా వైపు క్వీన్ విక్టోరియా పార్కు తెరిచారు. ఈ రోజుకీ అమెరికా వైపు పార్కులోకి నడిచి వెళ్తే టికెట్టు లేదు. కారు పెట్టుకుంటేనే డబ్బులు.

చోటు దొరికింది కదా అనుకునేలోగా నీళ్లకి ఎసరొచ్చింది. 1895లో జలపాతానికి ఎగువన ఆడమ్స్ విద్యుత్కేంద్రం మొదలైంది. టెస్లా రూపొందించిన, వెస్టింగ్‌హౌస్ కంపెనీ అమర్చిన ఏసీ కరెంటు 1896 నవంబరు 16 అర్ధరాత్రి దాటాక బఫలో నగరానికి చేరింది. దూరాన ఉన్న ఊరికి కరెంటు పంపడం సాధ్యమని తేలిపోయింది. ఇక కంపెనీలకు అంచు మీంచి కిందికి దొర్లే ప్రతి క్యూసెక్కూ నష్టంగానే కనిపించింది. ఆ కాలపు గొప్ప శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ ఆ నీరంతా టర్బైన్లకే వెళ్లిపోవాలని బాహాటంగా కోరుకున్నాడు. ఇంజనీరుగా ఆయన మాట నాకు వింతగా తోచదు. సముద్రంలో కలిసే నీళ్లను వృథా జలాలనే మేమూ రికార్డుల్లో రాసేవాళ్లం.

పత్రికల్లో గొడవ లేచి, 1906లో అమెరికా బర్టన్ చట్టంతో నీళ్లు తోడుకోవడానికి కళ్లెం వేసింది. 1909లో రెండు దేశాలూ రాసుకున్న సరిహద్దు జలాల ఒప్పందం కెనడాకు 36,000, అమెరికాకు 20,000 క్యూసెక్కుల హద్దు పెట్టింది. అందులో ఒక మెలిక ఉంది. తోడుకునేవాళ్లు ఎంత తోడాలన్నది రాశారు, జలపాతానికి ఎంత మిగలాలన్నది రాయలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీలకు కరెంటు చాలక రెండు ప్రభుత్వాలూ ఉత్తరాలు రాసుకుని అదనంగా తోడుకున్నాయి. 1950 ఒప్పందం లెక్కను తిరగేసింది. ముందు జలపాతం వాటా, తర్వాతే టర్బైన్లు. టూరిస్టులు వచ్చే నెలలేవో, వాళ్లు మెలకువగా ఉండే గంటలేవో చూసి మరీ రాశారు.

రాసినంత మాత్రాన నీళ్లు వింటాయా? సగం నీటితో హార్స్‌షూ అంచులు రెండు పక్కలా ఎండి రాళ్లు తేలే ప్రమాదం ఉంది. అందుకని అంచుల దగ్గర నది అడుగు తవ్వారు, గుంటలు పూడ్చారు. ఎత్తుపల్లాలున్న మడిని చదును చేసి నాలుగు మూలలకీ నీరెక్కించినట్టు, ఉన్న నీటినే అంచు పొడవునా పరిచారు. జలపాతానికి ఎగువన కెనడా ఒడ్డు నుంచి నది మధ్య దాకా గేట్ల వరస కట్టారు. అది పూర్తయింది 1957లో. మా ప్రకాశం బ్యారేజీ పూర్తయిందీ ఆ ఏడాదే. మాకు 70 గేట్లు, వాళ్లకి తర్వాత కలిపినవాటితో 18.

వెనుకటిసారి ఒక వేసవిలో వచ్చినప్పుడు గోట్ ఐలాండ్ చివర టెరాపిన్ పాయింట్ రెయిలింగ్ దగ్గర నిలబడ్డాం. అందరి ఫోన్లూ కిందికి పడే నీళ్ల వైపే. నేను ఎగువకు తిరిగి చూస్తే, తెల్లటి సుడుల అవతల నీటిమట్టానికి దగ్గరగా కాంక్రీటు స్తంభాలు, వాటిమీద సన్నటి దారి కనపడ్డాయి. కొన్ని గేట్లు వాల్చి ఉన్నాయి, కొన్ని నిలిపి ఉన్నాయి. అది చూశాక నాకు ఊళ్లో ఉన్నట్టే అనిపించింది. ఒక్క తేడా ఏమంటే, మా దగ్గర వేసవిలో చుక్క కిందికి వెళ్లదు, 2024 సెప్టెంబరులాంటి వరదొస్తే 11 లక్షల క్యూసెక్కులు దాటిపోతుంది. వీళ్ల నదికి ఎగువన సముద్రాల్లాంటి సరస్సులున్నాయి కాబట్టి ఏడాది పొడవునా దాదాపు ఒకటే తీరు. గేట్లు వేసేవాడికి నిద్ర పడుతుంది.

నిద్ర చెడగొట్టేది మంచు. అదీ సరిగ్గా మనం వెళ్దామనుకునే రోజుల్లోనే. 1848 మార్చి 29 రాత్రి ఈరీ సరస్సులో విరిగిన మంచుగడ్డలు గాలికి కొట్టుకొచ్చి బఫలో దగ్గర నది మొదట్లో బిగుసుకుపోయాయి. నీళ్లు ఆగిపోయాయి. హోరు ఆగేసరికి ఒడ్డున ఉన్నవాళ్లకు నిద్రలో మెలకువ వచ్చిందట. తెల్లారి మిల్లుల చక్రాలు తిరగలేదు. జనం ఆరిన నదిలోకి దిగి, 1812 యుద్ధం నాటి తుపాకులు, బయొనెట్లు ఏరుకున్నారు. ప్రళయమొచ్చిందని చర్చీలకు పరుగెత్తినవాళ్లున్నారు. మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ పడవ అంతకు రెండేళ్ల ముందే, 1846లో మొదలైంది. దాని అడుగుకు తగిలే రాళ్లను ఇదే అదనుగా మందుగుండు పెట్టి పేల్చేశారని చెబుతారు. ఒక రోజు గడిచి ఇంకొంతసేపటికి అడ్డు తెగి, నీళ్లు గోడలా వచ్చిపడ్డాయి.

జలపాతం కింద నది మీద మంచు పేరుకుని వంతెనలా గట్టిపడేది. దానిమీద నడవడం, గుడిసెల్లో అమ్మే సారా తాగడం, ఫొటోలు దిగడం చలికాలపు తిరనాళ్లగా సాగింది. 1912 ఫిబ్రవరి 4న అది విరిగి ముగ్గురు కొట్టుకుపోయారు. ఆనాటితో నడక బంద్. 1938 జనవరి 27న అదే మంచు ఒత్తిడికి హనీమూన్ బ్రిడ్జి అనే పెద్ద ఉక్కు వంతెనే కూలింది. దాని స్థానంలో వచ్చింది ఇప్పటి రెయిన్‌బో బ్రిడ్జి.

1964 నుంచి ప్రతి చలికాలం బఫలో దగ్గర సరస్సు మూతికి అడ్డంగా తేలే కడ్డీల దండ కడుతున్నారు. పొడవు 2.7 కిలోమీటర్లు. మొదట కలప దుంగలు, ఇప్పుడు ఉక్కు గొట్టాలు. సరస్సులో మంచు పలకగా కుదురుకునేందుకు అది సాయపడుతుంది, టర్బైన్ల నీటిదారులు పూడకుండా చూస్తుంది. ఏప్రిల్ 1 నాటికి దాన్ని తీసేయాలని నియమం, సరస్సు తూర్పు భాగంలో 250 చదరపు మైళ్లకు మించి మంచు మిగిలితే తప్ప. అంటే ఏప్రిల్‌లో వెళ్లినా నీళ్లతోపాటు మంచుగడ్డలు దొర్లడం చూడొచ్చు. పడవలు మాత్రం అప్పటికి దిగకపోవచ్చు. కేవ్ ఆఫ్ ది విండ్స్ అనే చోట జలపాతం పాదాల దాకా తీసుకెళ్లే చెక్క మెట్లను శరదృతువులో ఊడదీసి, వసంతంలో మళ్లీ చేత్తో కడతారు. మంచుకు వదిలేస్తే పుల్లలు కూడా మిగలవు. మేం వెళ్లే వేళకి వడ్రంగులు పనిలో ఉంటారేమో, మనవడికి ఆ పని చూపించాలని నా ఆశ.

మనవడు ఒక ప్రశ్న అడిగాడు: "రాత్రిపూట మిగిల్చిన నీళ్లు ఎక్కడ దాస్తారు తాతయ్యా?" పెద్దవాళ్లెవరికీ తట్టని ప్రశ్న. అమెరికా వైపు లూయిస్టన్ దగ్గర 1,900 ఎకరాల రిజర్వాయరు ఉంది. రాత్రి దాంట్లోకి ఎత్తిపోసి, పగలు కరెంటుకు గిరాకీ ఉన్నప్పుడు వదులుతారు. 1956 జూన్‌లో కొండచరియ విరిగి షోల్‌కాఫ్ కేంద్రం కూలిపోతే, దాని బదులు 1961లో తెరిచిన రాబర్ట్ మోజెస్ కేంద్రంలో ఇది భాగం. రిజర్వాయరులో కొంత భాగం టస్కరోరా జాతివాళ్ల నేల. వాళ్ల ఆడవాళ్లు తరాలుగా జలపాతం దగ్గర పూసల అల్లికలు అమ్మి కుటుంబాల్ని నడిపారు. భూమి ఇచ్చేది లేదని సర్వేవాళ్లకు అడ్డం పడుకున్నారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1960 మార్చిలో ముగ్గురు న్యాయమూర్తులు విభేదించినా తీర్పు వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. చివరికి సుమారు 550 ఎకరాలు నీళ్లలో కలిశాయి.

శ్రీశైలం ముంపులో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు పోయిన సంగతి నాకు తెలుసు. ఆ నీళ్లే మా బ్యారేజీ దాకా వచ్చాయి, వాటినే మేం కాలవలకు లెక్కగట్టి వదిలాం. అందుకే నయాగరాలో పగలు చూసేవాళ్లకి నిండుగా వదిలి, రాత్రి లోటు పూడ్చుకునే ఏర్పాటు ఎంత తెలివైనదో మెచ్చుకుంటూనే, అది ఎవరి పొలాల మీద నిలబడిందో పిల్లలకు చెప్పాలనుకుంటాను. చెప్పకపోతే ఆ ఒప్పందంలో సగమే చెప్పినట్టు.

ఇంతకీ మా ప్రయాణం ఇలా కుదిరింది. ఏప్రిల్ 2న బయల్దేరి ఆరేడు గంటలు కారులో వెళ్లడం, ఆ రాత్రి రంగు దీపాల్లో ఒకసారి చూడ్డం. మర్నాడు ఉదయం తొమ్మిది దాటాక గోట్ ఐలాండ్, పిల్లలకి ముందు గేట్లు, తర్వాత జలపాతం. నాకున్నది అమెరికా వీసాయే, కెనడాకు వేరే తీసుకోవాలి, కాబట్టి ఎదురుగా నిలబడి చూసే భాగ్యం ఈసారికి లేదు. మధ్యాహ్నం లూయిస్టన్‌లో పవర్ విస్టా అనే సందర్శన కేంద్రం, రిజర్వాయరు గట్టు. వానకోట్లు, మందపాటి స్వెట్టర్లు, ఫ్లాస్కులో కాఫీ. మార్చికీ ఏప్రిల్‌కీ హోటల్ అద్దెలో ఎంత తేడా ఉన్నా అది నేనే పెట్టుకుంటానన్నాను. దాంతో మా అల్లుడు బుకింగ్ చేసేశాడు.