ఏ ధాత నాటి కరువు?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో వెనుకటి తరమువారు కాలమును అంకెలతో కంటె జరిగిన సంగతులతోనే ఎక్కువగా కొలిచేవారు. “మా అవ్వ ధాత కరువు నాటికి చంటిబిడ్డ” అన్నచో వినువారికి అంతయు బోధపడెడిది.

అయితే ప్రభవాది సంవత్సరములు అరువది. అవి చక్రమువలె తిరుగును. ధాత 1876–77లో వచ్చినది. మరల 1936–37లోను, 1996–97లోను వచ్చినది. వానలు తప్పి, బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలో అసంఖ్యాకులను బలిగొన్న మహాక్షామము 1876–78 నాటిది. పేరొక్కటే, కరువు ధాత మాత్రము ఆ మొదటిదే. ఇది వినువారి లోకజ్ఞానము.

ఇప్పుడీ లోకజ్ఞానమును యంత్రములకు నేర్పవలసి వచ్చినది. కృత్రిమ మేధలో భాషా నమూనాలనబడునవి అపారమైన గ్రంథరాశిని చదివి, ఏ మాట వెనుక ఏ మాట రాదగునో ఊహించుచు భాష నేర్చినవి. ఈ యత్నమునకు పూర్వచరిత్ర కలదు. యంత్రమునకు లోకజ్ఞానము కావలెనని 1959లోనే జాన్ మెకార్తీ ప్రతిపాదించెను. రెండు కాలఖండముల నడుమ 13 విధముల సంబంధములు ఉండగలవని 1983లో జేమ్స్ ఆలెన్ నిరూపించెను. 2019లో అమెరికా పరిశోధకులు కొందరు సుమారు 13,000 ప్రశ్నోత్తరముల జతలతో యంత్రములను పరీక్షించిరి. ఒక పనికి ఎంత కాలము పట్టును? ఏది ముందు, ఏది వెనుక? ఎప్పుడు జరుగును? ఎన్నిమార్లు జరుగును? ఒక స్థితి ఎంతకాలము నిలుచును? ఆనాటి యంత్రములు వీనిలో మనుష్యులకంటె చాల వెనుకబడినవి.

ఈ కడపటి ప్రశ్నకు మన ఎమ్మిగనూరే ఉదాహరణము. 1938లో మాచాని సోమప్పగారు అచట చేనేత సహకార సంఘమును స్థాపించినప్పుడు ఆ ఊరు బళ్లారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడగా ఆదోని తాలూకాతోపాటు కర్నూలు జిల్లాలో చేరెను. బళ్లారి అన్న కాగితమును, కర్నూలు అన్న కాగితమును రెండును సత్యములే. ఊరు కదలలేదు, ఎల్ల కదిలినది. కాలమెరుగని యంత్రము ఒకదానిని అబద్ధమనును.

అవ్వను అడుగవలసిన సంగతులను మనుమలు యంత్రమును అడుగు కాలమిది. అది కరువును అరువదియేండ్లు ఇవతలకు జరిపినచో, ఆనాడు ఆకలితో పోయినవారి జాడయే చెరిగిపోవును. కనుక, శ్రోతలారా, మీ ఇంటి పెద్దల మాట వ్రాసి ఉంచునప్పుడు సంవత్సరము పేరు చెంతనే దాని అంకెను కూడ వ్రాయుడు. యంత్రమునకు మనము నేర్పగల మొదటి పాఠమదియే.