క్షయ చికిత్స: శానటోరియం నుంచి ఇంటికి

1950వ దశకంలో దేశంలో క్షయ రోగులు లక్షల్లో ఉండగా, వారికి కేటాయించిన ఆసుపత్రి పడకలు వేలల్లోనే ఉండేవి. స్వచ్ఛమైన గాలి, పుష్టికరమైన ఆహారం, సంపూర్ణ విశ్రాంతి లభించే శానటోరియంలోనే వ్యాధి నయమవుతుందని వైద్యలోకం విశ్వసించేది. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం అటువంటి సేవలకు పేరొందింది. అయితే సమర్థమైన మందులు వచ్చిన తరువాత ఒక కొత్త ప్రశ్న తలెత్తింది. రోగిని ఇంటివద్దే ఉంచి మందులిస్తే నయమవుతుందా? అలా చేస్తే కుటుంబ సభ్యులకు ముప్పు పెరగదా?

దీనికి సమాధానం కనుగొనేందుకు 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రం ఏర్పాటైంది. భారతీయ వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఇందులో పాలుపంచుకున్నాయి. డాక్టర్ వాలెస్ ఫాక్స్ నేతృత్వం వహించారు. నగరంలోని 193 మంది పేద రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ఇంటివద్ద, మరో వర్గానికి శానటోరియంలో 12 నెలలపాటు ఒకే రకమైన మందులు ఇచ్చారు. ఎవరు ఏ వర్గంలో ఉండాలన్నది వైద్యుల ఇష్టానికి వదలక, యాదృచ్ఛిక పద్ధతిలో నిర్ణయించారు. లేకుంటే తీవ్రంగా జబ్బుపడినవారంతా ఒకే వర్గంలో చేరి, పోలికకు అర్థం లేకుండా పోయేది.

1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఏడాది చికిత్స అనంతరం శానటోరియం వర్గంలో 92 శాతం మందికి, ఇంటి వర్గంలో 86 శాతం మందికి వ్యాధి అదుపులోకి వచ్చింది. ఇరుకు ఇళ్లలో, అరకొర ఆహారంతో ఉన్నవారిలోనూ మందులు దాదాపు సమానంగా పనిచేశాయి. ఐదేళ్లు పరిశీలించినా, ఇంటివద్ద చికిత్స పొందినవారి కుటుంబ సభ్యులకు అదనపు ముప్పు కనిపించలేదు. 1962లో ప్రారంభమైన జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం ఇంటి చికిత్సనే ఆధారం చేసుకుంది.

అయితే మద్రాసు అధ్యయనంలో సిబ్బంది ఆకస్మికంగా ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కించేవారు; మూత్ర పరీక్షలు చేసేవారు. అంతటి పర్యవేక్షణ దేశమంతటా సాధ్యం కాలేదు. ఎందరో రోగులు మధ్యలోనే మందులు మానేశారు. సిబ్బంది సమక్షంలో మందు మింగించే పద్ధతిపై అదే కేంద్రం 1960వ దశకంలో అధ్యయనాలు జరిపింది. 1997 నుంచి ఆ విధానం దేశవ్యాప్తంగా విస్తరించింది.

ఆహారం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మందులు వాడే రోగి కోలుకోవడానికి శానటోరియం భోజనం తప్పనిసరి కాదని మద్రాసు ఫలితాలు తెలిపాయి. వ్యాధి సోకకుండా ఆహారం కాపాడుతుందా అన్నది వేరే ప్రశ్న. ఝార్ఖండ్‌లో నిర్వహించి 2023లో ప్రచురించిన ‘రేషన్స్’ అధ్యయనం దానిని పరీక్షించింది. రోగుల కుటుంబాల్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, 1.5 కిలోల పప్పు, విటమిన్ మాత్రలు అందించగా, వారిలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది.

రోగులకు పోషకాహారం కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చే నిక్షయ్ పోషణ్ యోజన 2018లో మొదలైంది. 2024 నవంబరు నుంచి ఆ మొత్తాన్ని వెయ్యి రూపాయలకు పెంచారు. ఒక అధ్యయనం తాను వేసుకున్న ప్రశ్నకు మాత్రమే సమాధానమిస్తుంది. ఆ పరిధిని గుర్తించి, మిగిలిన ప్రశ్నలను పరీక్షిస్తూ సాగినప్పుడే ఆరోగ్య విధానం ప్రజలకు మేలు చేస్తుంది.