మన పల్లెల కల్లుపాక



కల్లుపాకను గూర్చి పంతులు ప్రసంగించుటేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురని సామెత కలదు. అయినను గ్రామచరిత్ర నెరుగగోరువాడు దేవళమును, చెరువును చూచినట్లే ఆ పాకనుగూడ చూడవలెను. సర్కారు బొక్కసము, పేదవాని కూలి, ఇల్లాలి దుఃఖము, ఈ మూడును అచ్చట కలిసియున్నవి.

పానశాల మన దేశమునకు క్రొత్తది కాదు. అమరసింహుడు మద్యము నమ్మువానికి శౌండికుడనియు, మండహారకుడనియు పేర్లు చెప్పినాడు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను ప్రత్యేకాధికారి కలడు. పానశాలలో వేరువేరు గదులు, పడకలు, ఆసనములు, గంధమాల్యములు, నీరు అమర్చవలెనని యందు విధింపబడినది. అచ్చట నెవరు మితిమీరి వ్యయము చేయుచున్నారో చారులు కనిపెట్టవలెను. కావున పానశాల నాటినుండియు ప్రజలకు విశ్రాంతిస్థానము, రాజునకు ఆదాయస్థానము.

మా కూచిపూడి ప్రాంతమున పానశాల యనగా తాళ్ళ నడుమ వేసిన తాటాకు పాక. మొన్నటి వేసవిలో నేనట్టి పాక కొకదానికి పోయితిని. నాయొద్ద చదివిన శిష్యుడొకడు అచ్చట గీతపని చేయుచున్నాడు. పొలమునుండి వచ్చిన కూలీలు నేలపై కూర్చుండి, కల్లు త్రాగుచు, ఎండుచేపలు నంజుకొనుచు, కాలువకు నీరెప్పుడు వచ్చునోయని మాటలాడుకొనుచుండిరి. నన్ను చూచి లేవబోగా వలదని వారించితిని.

శిష్యుడు తన పనిని వివరించెను. నడుమునకు మోకు, కాళ్ళకు బందము తగిలించుకొని ఉదయ సాయంకాలములు చెట్టెక్కవలెను. గెల కొనను పలుచగా చెక్కి దానికి ముంత కట్టవలెను. తెల్లవారుజామున తీయగానుండు రసము ప్రొద్దెక్కినకొలది పులిసి కల్లగును. ముంత లోపల సున్నము పూసినచో పులియదు. ఆ రసమును కాచినచో తాటిబెల్లమగును. ఇదంతయు చెప్పి యతడు, "చెట్టు రైతుగారిది, పన్ను సర్కారుది. జారి పడితే నడుము మాత్రం నాదండి, మేస్టారూ" అనెను.

ఆ మాట వెనుక చాల చరిత్ర కలదు. చెన్నపురి రాజధానిలో 1886లో అబ్కారీ చట్టమేర్పడెను. చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలము. వేలమున పాడుకొన్నవాడు తన సొమ్ము రాబట్టుకొనవలెను గనుక త్రాగువారు పెరిగినగాని వానికి గిట్టదు. అందుచేతనే 1921లో సహాయ నిరాకరణమునాడు స్వచ్ఛంద సేవకులు కల్లు దుకాణముల యెదుట నిలిచి త్రాగవలదని బ్రతిమాలిరి. అది నీతిబోధయు, సర్కారు ఆదాయముపై దెబ్బయును.

1937 అక్టోబరు 1వ తేదీన రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధ మారంభించెను. తరిగిన ఆదాయమును పూరించుటకై 1939లో అమ్మకపు పన్ను వచ్చెను. త్రాగనివాడును ఉప్పుపప్పుల యంగడిలో ఆ లోటును పంచుకొనెనన్నమాట! 1948లో నిషేధము రాష్ట్రమంతటికిని వ్యాపించెను. తండ్రి తాతలనుండి వచ్చిన గీతవృత్తి నాటితో నేరమయ్యెను. ఆ కుటుంబముల పక్షమున గౌతు లచ్చన్నగారు పోరాడిరి. నిషేధమును తొలగింపవలెనని రామమూర్తి సంఘము సిఫారసు చేసెను. ఆ వివాదముననే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ఆంధ్ర మంత్రివర్గము ఒక్క వోటుతో పడిపోయెను. కల్లుముంత ప్రభుత్వమును కూల్చినదనిన అతిశయోక్తి కాదు.

పిమ్మట నిషేధము సడలినది. మరల 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో సారా నిషేధింపబడెను; 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి 1997లో సడలిపోయెను. ఆ తల్లుల కోపము కూలిడబ్బును ఇల్లు చేరనీయని సారాపై; తాటిచెట్టుపై కాదు. ఈ భేదమును మనము మరువరాదు.

నేను త్రాగుటను పొగడుటలేదు. కాని మీ గ్రామమున పాక యుండవలెనా, తీయవలెనా యను తగవు వచ్చినప్పుడు తీర్పు చెప్పవలసినవారు మీరే. అప్పుడు గీతపనివానిని పిలిపింపుడు. త్రాగువాని భార్యనుగూడ పిలిపింపుడు. అమ్మకపు సొమ్ము ఎవరికెంత చేరుచున్నదో లెక్క చూడుడు. పాకను మూసినచో ఆ గీతపనివాడు రేపేమి తినునో, ఉంచినచో ఆ యిల్లాలి కూలిడబ్బు నెవరు కాపాడుదురో తేల్చినపిదపనే తీర్పు చెప్పుడు. ఇన్నేండ్ల శాసనములలో ఈ రెండింటిని ఒక్కసారిగా తలచినది నాకు కనబడలేదు.

సెలవు.