రీజనింగ్ బిట్టు: వేంగి కొండ నుంచి ఐసెట్ హాలు దాకా

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపు ముందు నిలబడి ఐసెట్ గైడ్ తిరగేస్తే, అంతకుముందు చదివినవాళ్ల పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. ఇచ్చిన సమాచారం జవాబుకు చాలునా అని అడిగే డేటా సఫిషియెన్సీ పేజీల్లో కొట్టివేతలు మరీ ఎక్కువ. ఆ తరహా బిట్టు ఒకటి చూద్దాం.

ఒక సంఖ్య ఉంది. అది సరిసంఖ్యేనా? మొదటి సమాచారం: దానికి మూడు రెట్లు సరిసంఖ్య. రెండో సమాచారం: అది పూర్ణసంఖ్య.

తొందరలో మొదటిదొక్కటే చాలనిపిస్తుంది. మూడు రెట్లు 12 అయితే ఆ సంఖ్య 4, సరిసంఖ్యే. మరి అది 2/3 అయితే? మూడు రెట్లు 2, అదీ సరిసంఖ్యే. 2/3 మాత్రం సరిసంఖ్య కాదు. అందుకే రెండు సమాచారాలూ కలిస్తేనే లెక్క తేలుతుంది.

బిట్టు గుట్టు విప్పింది ఆ 2/3. చూపిన కారణం అక్కడ ఉంది, తేల్చిన మాట లేదు. అలాంటి చోటు ఎక్కడుందో వెతకడమే రీజనింగ్‌కు ప్రాణం. ఆ వెతుకులాటకు మన నేల మీద దాదాపు 1500 ఏళ్ల చరిత్ర ఉంది.

ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఒక సంగతి రాసిపెట్టాడు. వేంగి నగరానికి నైరుతిలో ఒంటరి కొండ ఉందనీ, దాని మీద రాతి స్తూపం ఉందనీ, బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రచించింది అక్కడేననీ. ఆ వేంగి ఇవాళ్టి ఏలూరు పక్కనున్న పెదవేగి. హుయాన్‌త్సాంగ్ ఆ తర్వాత ధాన్యకటకంలో కొన్ని నెలలుండి చదువుకున్నాడు. స్వదేశం చేరాక దిఙ్నాగుడి ‘న్యాయముఖా’న్ని చైనా భాషలోకి తెచ్చాడు.

దిఙ్నాగుడు గీసిన ‘హేతుచక్రం’ తొమ్మిది గళ్ల పట్టిక. దాన్ని మన ఊరి ఉదాహరణతో చెప్పుకుందాం. ‘ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారు, కాబట్టి బెజవాడలో వాన పడింది’ అని ఎవరో అన్నారనుకోండి. గేట్లు ఎత్తడం హేతువు. వాన పడిన రోజులు సపక్షం, పడని రోజులు విపక్షం. హేతువు సపక్షంలో అన్నిచోట్లా ఉండవచ్చు, కొన్నిచోట్లే ఉండవచ్చు, అసలే లేకపోవచ్చు. విపక్షంలోనూ అంతే. మూడు మూళ్లు తొమ్మిది. వీటిలో నిలబడే వాదాలు రెండే. రెండు అనుకున్నదానికి ఎదురు తిరుగుతాయి, అయిదు ఎటూ తేలవు. విపక్షంలో హేతువు ఒక్కచోట కనిపించినా వాదం నిలవదు. పులిచింతల నుంచి వరద దిగితే బెజవాడలో ఎండ కాస్తున్నా గేట్లు ఎత్తుతారు. ఆ ఒక్క ఎండ రోజు చాలు, పై వాదం పడిపోవడానికి.

పదిహేడో శతాబ్దానికి వద్దాం. తెలుగువాడైన అన్నంభట్టు పిల్లలకు సులువుగా అర్థం కావాలని ‘తర్కసంగ్రహం’ రాశాడు. కాశీకి వెళ్లినంత మాత్రాన అందరూ అన్నంభట్టులు కారని పండితుల్లో నానుడి. తర్కం నేర్చేవాళ్లు ఇప్పటికీ ఆ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది, వంటింట్లో చూశాం కదా అన్నది అందులోని పేరుమోసిన ఉదాహరణ. తిరగేసి ‘నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది’ అంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుములో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా కావాలి. నోటితో చెప్పకుండా లోపల దాచుకున్న ఈ షరతును తార్కికులు ‘ఉపాధి’ అన్నారు. జీమ్యాట్ కోచింగ్‌లో ‘అజంప్షన్’ అంటూ పట్టుకోమనేది ఇలాంటి దాపరికాన్నే. మన బిట్టులో ‘పూర్ణసంఖ్య’ అన్న మాటే ఆ తడి కట్టె.

ఇరవయ్యో శతాబ్దంలో ఎదురు ఉదాహరణ వెతికే ఈ పద్ధతి పుస్తకం దాటి వీధిలోకి వచ్చింది. నాస్తికవాది గోరా, ఆయన భార్య సరస్వతీ గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకు గ్రహణమొర్రి వస్తుందన్న భయాన్ని పోగొట్టడానికి ఆ కేంద్రంవాళ్లు గర్భిణులకు గ్రహణం చూపించారు. దిఙ్నాగుడి భాషలో అది విపక్షంలో ఉన్న హేతువును అందరి కళ్లెదుటా నిలబెట్టడం.

ఇక పరీక్ష రూపం మాత్రం అమెరికా నుంచి వచ్చింది. అక్కడ న్యాయ విద్యకు ఎల్‌శాట్ 1948లో, మేనేజ్‌మెంట్ చదువులకు జీమ్యాట్ 1954లో మొదలయ్యాయి. మన దగ్గర ఎంబీఏ, ఎంసీఏ సీట్లకు పెట్టే ఐసెట్‌లో 200 ప్రశ్నలుంటే 75 అనలిటికల్ ఎబిలిటీవే. వాటిలో 20 డేటా సఫిషియెన్సీ, 55 ప్రాబ్లమ్ సాల్వింగ్. ఈ విద్యకు విలువ పెరుగుతోంది కూడా. 2023లో వచ్చిన కొత్త జీమ్యాట్ వెర్బల్ విభాగంలో వాక్యాలు సరిదిద్దే ప్రశ్నలు తీసేసి, క్రిటికల్ రీజనింగ్‌ను, ప్యాసేజీలను మిగిల్చారు. 2024 ఆగస్టు నుంచి ఎల్‌శాట్‌లో పజిళ్లు పోయి, ఆ చోటును కూడా లాజికల్ రీజనింగే తీసుకుంది.

ఐసెట్ సమయం 150 నిమిషాలు. అంటే బిట్టుకు 45 సెకన్లు. ఆ తొందర చూసి పిల్లలు షార్ట్‌కట్ల వెంట పడుతున్నారు. సిరీస్‌లకు, కోడింగ్‌కు అవి కొంత పనికొస్తాయి. వాదం బలం తేల్చాల్సిన చోట షార్ట్‌కట్ లేదు. వేగం కావాలంటే ముందు నిదానంగా సాధన చేయాలి.

పరీక్షకు కూర్చోబోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. మాక్ టెస్ట్ రాశాక కీ చూసి మార్కులు లెక్కపెట్టుకుని వదిలేయకండి. తప్పిన ప్రతి రీజనింగ్ బిట్టు పక్కనా దాన్ని పడగొట్టిన ఉదాహరణ రాసుకోండి: 2/3, ఎండ రోజు, కాలిన ఇనుము. గడియారం చూసుకోకుండా రోజుకు పది బిట్లు ఇలా చేస్తే చాలు. సీటు వచ్చాక గైడ్‌ను పాత పుస్తకాల షాపులో ఇచ్చేయండి. మీరు రాసుకున్న ఆ ఉదాహరణలు తర్వాత కొనుక్కునేవాళ్లకు అక్కరకొస్తాయి.